చామంతి ఆకు

కళ్ళు వాచినవాళ్ళంతా ఏడ్చినవాళ్ళేనని జనం నమ్మకం. ఆ నమ్మకం నీడన జయశీల ఆర్నెల్లు గడిపేసింది.

ఆమె మొగుడు బర్నబాస్ ఈస్టర్ వెళ్ళిన వారంలో పోయాడు. మదనపల్లెలో చర్చి వెనక సందులో వాళ్ళకో కొట్టుండేది. ముందు వసారాలో ఆయన శవపెట్టెలు చేసేవాడు, లోపలి గదిలో ఆమె వాటి మీద పెట్టే పూల సిలువలు కట్టేది. ఊళ్ళో క్రైస్తవుల ఇంట ఎవరు కన్నుమూసినా మొదటి కబురు చర్చి పాస్టరు అయ్యగారికి, రెండో కబురు ఈ కొట్టుకి. అంతమందిని సాగనంపినవాడు తన ప్రయాణానికి మాత్రం ఏ ఏర్పాటూ చేసుకోలేదు. పొద్దున ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, మధ్యాహ్నానికి లేడు. పుంగనూరులో ఉండే ఆయన చెల్లెలు గ్లోరియా అక్కడ్నుంచే పెట్టె తెప్పించింది.

సిలువ మాత్రం జయశీలే కట్టింది. మండీ నుంచి తెల్ల చామంతులు తెప్పించి, ఆకు తుంచి, కాడలు కోసి, గడ్డి చుట్టిన వెదురు చట్రానికి వరుస తప్పకుండా గుచ్చింది. అంతసేపూ కంట చుక్క నీరు రాలేదు. పెట్టె గుంటలోకి దించినప్పుడూ రాలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, ఎవరో పెట్టిన అన్నం తిన్నది. పప్పులో ఉప్పు తగ్గిందని కూడా తెలిసింది. ఏడుపొక్కటే ఎటు పోయిందో తెలియలేదు.

పోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక, పెట్టేనాటికి కనురెప్పలు ఎర్రగా ఉబ్బి, చూపు ఆనేందుకు సందు మాత్రం మిగిలింది. చెంపలూ మెడా మండిపోతున్నాయి. స్త్రీల మైత్రి సంఘం ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు.

“ఎంత ఏడ్సినావో ఏమో తల్లీ, సూడు కండ్లు ఎట్లా వాసిపొయినాయో” అంది ఒకామె, తానే కళ్ళొత్తుకుంటూ.

ఏడవలేదమ్మా అని ఎలా చెప్పాలి? జయశీల తల వంచుకుంది. తల వంచుకుంటే ఇంకా ఏడుస్తున్నట్టు లెక్క కట్టారు. మరుసటి ఆదివారం అయ్యగారు ప్రసంగంలో ఆమెనే చూపించి, ప్రేమంటే ఏమిటో మన సహోదరి కళ్ళను చూసి నేర్చుకోండి అన్నారు. సంఘమంతా వెనక్కి తిరిగి ఆ కళ్ళను చూసింది. అమ్మవారికి దణ్ణం పెట్టినంత పని చేశారు. ఆ కళ్ళ గలామె మాత్రం ఆ సమయంలో, గోక్కుంటే బాగుండదేమోనని ఆలోచిస్తోంది.

జయశీల భయం వేరే. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పోతే ఒక్క చుక్క రాలేదంటే, తనలో ఏదో చచ్చిపోయిందన్నమాట. ఇన్నేళ్ళు ఇతరుల చావుల మధ్య కూర్చుని పూలు గుచ్చీ గుచ్చీ తానూ ఒక చెక్కయిపోయిందేమో. లోపల ఎక్కడైనా నొప్పి ఉందా అని వెతుక్కునేది. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు, ఆయన చొక్కా తీసి వాసన చూసేది, ఆయన ఉలి పట్టుకుని కూర్చునేది. ఏమీ అనిపించేది కాదు. బర్నబాస్ మీద తనకసలు ప్రేమే లేదా? ఆ సంగతి తేలకుండా చచ్చిపోతానేమోనని ఆమెకు బెంగగా ఉండేది. ఆ బెంగ కూడా ఎవరిదో అయినట్టు దూరంగానే ఉండేది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు చర్మం రోజురోజుకీ పాడైంది. చేతుల మీద పొక్కులు లేచి, చితికి, నీరు కారి, ఎండి పొట్టు రాలేవి. వేపాకు నూరి పూసింది, పసుపు పూసింది, రెండూ కలిపి పూసింది. చర్చిలో ప్రభురాత్రి భోజనాన అందరూ పెదవి ఆనించే ద్రాక్షరసం గిన్నె అందుకునేటప్పుడు ఒకరిద్దరు ఆమె కంటే ముందే లేచి వెళ్ళడం మొదలుపెట్టారు. కన్నీళ్ళు పుణ్యమే గానీ పొక్కులు పుణ్యం కాదు గదా.

గ్లోరియా వచ్చి వదినను పుంగనూరుకు తీసుకుపోయింది. చిత్రంగా అక్కడ వారం తిరక్కుండానే రెప్పలు దిగాయి. దానికి తోడు గ్లోరియా ఇంటి పక్క మందుల షాపు శివకుమార్ ఒక ట్యూబు ఇచ్చాడు. పూస్తే మంచినీళ్ళు చల్లినట్టు చల్లబడింది. మదనపల్లెకు తిరిగొచ్చి కొట్టు తెరిచి మళ్ళీ పూలు పట్టిందో లేదో, రెండింతలై తిరగబడింది.

“ఆ ఇంట్లో ఉంటే అన్న గుర్తుకొస్తాండాడు వదినకు. రేయంతా ఏడస్తాంటాది. ఇంగ తగ్గమంటే యాడ తగ్గుతాది?” అని గ్లోరియా కనబడినవాళ్ళందరికీ చెప్పింది. విన్నవాళ్ళంతా అవునన్నారు. అన్నీ అంత చక్కగా కుదిరాయి మరి.

జయశీల కూతురు లిల్లీ కుప్పంలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. సెలవు దొరకని ఉద్యోగం. సెలవు దొరికిన రోజు వచ్చి తల్లి మొహం చూసి, సగం ఖాళీ అయిన ట్యూబు చూసి, ఇంకేమీ అడక్కుండా బట్టలు సర్దింది. పుంగనూరు మీదుగా, పలమనేరు మీదుగా బస్సులు మారి కుప్పం చేరేసరికి కిటికీ గాలికి జయశీల మొహం కందగడ్డలా అయింది. దారి పొడవునా రోడ్డు పక్కన తెల్ల పూలు పూసి వయ్యారిభామ గడ్డి నిలువెత్తు పెరిగి ఉంది. దాన్ని ఇద్దరూ పట్టించుకోలేదు.

చర్మం డాక్టరమ్మ పేరు వసుధ. గది బయట బెంచీ మీద మోచేతి మడతలు గీరుకుంటూ ఒక పిల్ల, సిమెంటు తిన్న చేతులతో ఒక మేస్త్రీ. జయశీల లోపలికెళ్ళి కూర్చుంది. వసుధ ముందు దూదిని నూలుపోగులా నలిపి, ఆమె కళ్ళు మూయించి, చేతి మీదా చెంప మీదా తాకించింది.

“తెలస్తాందా అమ్మా?”

“తెలస్తాంది.”

“ఈడ?”

“ఆడా తెలస్తాంది.”

దూదిపోగు తాకిడి కూడా తెలుస్తోంది, మొగుడు పోయింది మాత్రం తెలియడం లేదు. దానికి ఈమె దగ్గర పరీక్ష ఉందా అని అడగాలనిపించింది.

“స్పర్శ బాగుండాది. మీరు భయపడే పెద్దరోగం, కుష్టు, కాదిది” అంది వసుధ. “దీన్ని డెర్మటైటిస్ అంటాము. అంటే తోలు వాపు. అదీ ఒక రకం కాదమ్మా. బయట కూసోనుండే ఆ బిడ్డది పుట్టుకతో వచ్చింది, ఆయాసమూ తుమ్ములూ ఉండే ఇండ్లల్లో వస్తాంటాది. చుండ్రుతో పాటు కనుబొమల్లో పొట్టు లేసేది ఇంకోటి. సబ్బునీళ్ళల్లో నాని నాని చేతులు పగిలేది ఇంకోటి. మీది సూస్తే, ఒంటికి పడనిదేదో తగిలి వచ్చినట్టుండాది. ఏ పని సేస్తారు?”

“ముప్పై ఏండ్లుగా పూల సిలువలు కడతాండాను.”

“ఏం పూలు?”

“సామంతులు. తెల్లవి.”

వసుధ రాస్తున్న కలం ఆపింది. జయశీల వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి, రెండు రోజులు తడపొద్దని చెప్పి పంపింది. వాటిలో చామంతి రేకు ఒకటి, చామంతి ఆకు ఒకటి, వయ్యారిభామ రసం ఒకటి, సిమెంటులో ఉండేదీ సెంటుల్లో ఉండేదీ ఇంకా ఏవేవో. లిల్లీ గదిలో జయశీల బోర్లా పడుకుని ఆ రెండు రోజులూ పైకప్పు ఫ్యాను శబ్దం విన్నది. వీపు మీద ఒకచోట మంట మొదలైంది.

పట్టీలు తీసి చూస్తే, మిగతా వీపంతా మామూలుగానే ఉంది. రేకు పెట్టినచోట ఎర్రబడింది. ఆకు పెట్టినచోట పొక్కులు లేచాయి. వయ్యారిభామ చోటా అంతే.

“సామంతీ వయ్యారిభామా ఒక్క జాతివే. ఒకటి పడకుంటే రెండోదీ పడదు” అంది వసుధ. “ఆకులోనూ కాడలోనూ ఎక్కువ. మీరు తుంచేటప్పుడు చేతికి అంటుకుంటాది, పొడి గాల్లో లేసి రెప్పల మీద పడతాది. రెప్పల తోలు పల్చన గదా, ముందు అదే వాస్తాది. ఏడ్సినందుకు వచ్చింది కాదమ్మా ఇది. ఇంకొకరికి అంటేదీ కాదు.”

లిల్లీ తల్లి వైపు చూసింది. “ఏడ్సి కాదా? మరి రేత్రిళ్ళు ఏడస్తాండావని అత్త చెప్పిందే?”

“నేను చెప్పలేదు” అంది జయశీల. “నేను ఏడ్సలేదు లిల్లీ. ఆ పొద్దు కూడా ఏడ్సలేదు. రాలేదు.”

లిల్లీ సంచిలోంచి శివకుమార్ ఇచ్చిన ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. వసుధ ఆ ట్యూబు తీసుకుని చెత్తబుట్టలో వేసింది. దాంట్లో ఉండేది గట్టి స్టెరాయిడని, తగ్గినట్టే తగ్గించి తోలును పల్చబరుస్తుందని, రెప్పల మీద పూస్తే కంటికే చేటని చెప్పింది. రెప్పలకు వేరే మందు, చేతులకు వేరే మందు, కొన్నాళ్ళకు మాత్రలు రాసింది. సబ్బు మానేసి, స్నానం కాగానే తడి ఆరకముందే వాజిలీన్ రాసుకోమంది. అన్నిటికంటే పెద్ద మందు చామంతిని ముట్టకుండా ఉండడమేనంది. గులాబీలూ, సుగంధరాజలనే నేలసంపెంగలూ కట్టుకోవచ్చట. వయ్యారిభామ పూసే రోజుల్లో మొహానికి గుడ్డ కట్టుకోవాలట.

“ఒకటి అర్థం కాలేదమ్మా. ముప్పై ఏండ్లుగా సామంతులే కడతాండారు గదా. ఇన్నాళ్ళూ యాల రాలేదు?” అని అడిగింది వసుధ.

“వచ్చింది. పెండ్లయిన కొత్తల్లో. చేతులకు దురద, పొక్కులు. మళ్ళ అదే పోయింది.”

“అదే పోదు. ఏదో మార్చింటారు. అప్పుడు ఆకు ఎవురు తుంచేది?”

“ఆయన” అంది జయశీల.

అనేశాక ఆమెకు ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. పెళ్ళైన ఏడాది. పొక్కులు లేచిన చేతులతో ఆకు తుంచుతుంటే బర్నబాస్ వచ్చి బుట్ట లాక్కున్నాడు. ‘నువ్వు తుంచితే సగం పూలు పాడు. ఇట్లా తే’ అని కసిరాడు. ఆ రోజు నుంచి పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఆకు తుంచడం, కాడలు కోయడం, పూలు కడిగి బేసిన్లో తెచ్చి ఆమె ముందు పెట్టడం ఆయన పనైంది. పెట్టె పని ఎంత తొందరగా ఉన్నా అది మాత్రం మానలేదు. ఆకులు కూడా ఆయనే ఊడ్చి దూరంగా పోసేవాడు. తన పనంటే ఆయనకు చులకన అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో, ఎంతమందితో చెప్పుకుందో. చేతులు బాగయ్యాయన్న సంగతి మాత్రం ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. ఆమె తన చేతులతో ఆకు తుంచింది మళ్ళీ ఆయన సిలువకే.

అదంతా తెలిసింది. అయినా కళ్ళు పొడిగానే ఉన్నాయి. డాక్టరమ్మకు వందనాలు చెప్పి లేచింది.

మందులు పనిచేశాయి. చేతుల పొక్కులు మానాయి, రెప్పలు మామూలుకొచ్చాయి. మండీవాళ్ళకు ఫోను చేసి చామంతులు వద్దని చెప్పింది. ఆదివారం చర్చికి వెళ్తే, పాపం తేరుకుందిలే అన్నారు కొందరు. అప్పుడే మరిచిపోయిందా అన్నారు ఇంకొందరు. నోరు ఊరికే ఉండదు గదా. జయశీల అన్నీ విన్నది, ఏదీ తాకలేదు. ఇది కూడా రోగమే అయితే దీనికి మందు లేదని తీర్మానించుకుంది.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. లిల్లీ రెండు రోజుల సెలవు మీద వచ్చింది. గులాబీలూ సుగంధరాజలూ బుట్టతో కుళాయి దగ్గర పెట్టుకుని, “నువ్వు లోపలే ఉండు, నేను కడిగి తెస్తాను” అంది.

జయశీల లోపలి గదిలో చాప మీద కూర్చుని వెదురు చట్రానికి గడ్డి చుడుతోంది. పెరట్లో కుళాయి నీళ్ళ చప్పుడు. కాడలు తెగుతున్న చప్పుడు. కాసేపటికి బేసిన్ గడపకు తగిలి ఖంగుమంది, తడి పూలు ఆమె మోకాళ్ళ ముందుకు జరిగాయి. నీళ్ళు చీర మీద చిందాయి.

“నీళ్ళు ఇదిలించి తేకూడదా? సగం నా ఒళ్ళోనే ఉండాయి” అంది జయశీల, తల ఎత్తకుండా.

ముప్పై ఏళ్ళుగా రోజూ అన్న మాట. దానికి రోజూ వచ్చే జవాబొకటుంది. ‘పూలన్నాక తడుండదా?’ అని గడప దగ్గరే గొణిగేవాడు, మళ్ళీ కుళాయి దగ్గరికి పోయేవాడు. ఆమె చేతిలో గడ్డి పట్టుకుని ఆ గొణుగుడు కోసం ఆగింది.

“ఏందమ్మా?” అంది లిల్లీ.

జయశీల తల ఎత్తింది. గడప దగ్గర లిల్లీ నిలబడి ఉంది, చేతుల నిండా తడి.

సాయంత్రం గ్లోరియా పుంగనూరు నుంచి కొవ్వొత్తులు తీసుకుని వచ్చేసరికి సిలువ సగమే అయింది. వదిన మొహం చూసి ఆమె కొవ్వొత్తులు కింద పెట్టేసింది. రెప్పలు ఉబ్బి, ముక్కు ఎర్రబడి, కళ్ళు సందులయ్యాయి.

“అయ్యో వదినా, మళ్ళీ తిరగబడిందే! మందు పూసుకోలేదా? యాడుండాది?” అంటూ బీరువా మీద నుంచి డాక్టరమ్మ రాసిన కొత్త ట్యూబు తెచ్చి, ఎదురుగా కూర్చుని, వేలికి తీసుకుని రెప్పకు రాసింది. మందు జారిపోయింది. కొంగుతో తుడిచి మళ్ళీ రాసింది. మళ్ళీ జారింది.

“తడి వదినా. అంటుకుంటాండ్లేదు. రోంతసేపు తుడుచుకోకూడదా?”

“తుడస్తానే ఉండాను గ్లోరియా” అంది జయశీల. “పొద్దుట్నుంచి తుడస్తానే ఉండాను.”

గ్లోరియా వేలు రెప్ప మీదే ఆగిపోయింది. తర్వాత ట్యూబుకు మూత పెట్టి పక్కన పెట్టింది.