ముయె చదవని ఉపన్యాసం

కోంటా బజారులో నా జిరాక్స్ షాపుకు వస్తే కౌంటర్ వెనక ఒక రేకు పెట్టె కనపడుతుంది. దాని నిండా ఉపన్యాసాలే. అన్నీ నేను రాసినవే, ఏ ఒక్కటీ ఎవరూ ఇవ్వనివే. ఇచ్చినవాటిని నాయకులు పట్టుకుపోతారు కదా, ఇవ్వనివి మాత్రం నా నెత్తిన పడతాయి.

ఒకాయన జనపద్ (మా దగ్గర మండలాన్ని అట్లా అంటారు) ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టకముందే గెలుపు ఉపన్యాసం రాయించుకున్నాడు. ఓడిపోయి, మర్నాడు పొద్దున్నే వచ్చి, దీన్నే కాస్త అటూ ఇటూ చేసి ఓటమి ఉపన్యాసంగా మార్చమన్నాడు. ఓడిపోయినవాడి మాట వినడానికి ఎవరు వస్తారయ్యా అని అడిగితే అలిగి వెళ్లిపోయాడు. ఇంకో పెద్దాయన జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఇవాళో రేపో అన్నట్టున్నప్పుడు ఆయన మనుషులే వచ్చి సంతాపసభకు రాయించారు. ఆయన కాస్తా లేచి కూర్చున్నాడు. పైగా ఎట్లా తెలిసిందో ఏమో, తిన్నగా నా షాపుకే వచ్చి, ఆ కాగితాలు అడిగి చదువుకుని, "నేను వేయించిన బోరింగుల సంగతి రాయలేదేంది సుధారాణీ?" అని తగాదా పెట్టుకున్నాడు. ఇట్లాంటివాళ్లతో వేగడం నా వల్లే అయింది.

అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, హిస్టారిక్‌గా ఉండాలి." చరిత్రలో నిలిచిపోయే మాటలట! మా ఇంట్లో కుక్కర్ కూత కూడా వీళ్ల ఉపన్యాసాలకన్నా ఎక్కువకాలం గుర్తుంటుంది. అయినా రాస్తాను. రాయడం నాకిష్టం. కానీ ఇన్నేళ్లలో నా మాటలు ఎవరైనా నిలబడి చెబుతుంటే ఎదురుగా కూర్చుని విన్న పాపాన పోలేదు. షాపు ఎవరు చూస్తారు?

మొన్న జనవరిలో ముయె వచ్చింది. భేజ్జి దాటి లోపలికి పోతే వచ్చే ఇప్పలగుంపుకు సర్పంచి. దోర్ల తెగ పిల్ల. చిన్నప్పుడు భద్రాచలం వైపు హాస్టల్లో చదువుకుంది కాబట్టి తెలుగు చదవగలదు. పంచాయతీ కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వస్తూ ఉంటుంది. ఆ రోజు మాత్రం జనం పలచబడేదాకా బెంచీ మీద కూర్చుంది.

"అక్కా, నాకొక మాట రాసియ్యాలె. ఇరవయ్యారో తారీకు గ్రామసభల చెప్పాలె."

"దేని గురించి?"

"మా అక్క గురించి."

ఆమె అక్క పేరు జోగి. ఇరవై ఏళ్ల కింద గొడవల్లో ఇక్కడి ఊళ్లు తగలబడి చెదిరిపోయినప్పుడు జోగీ మొగుడూ రాష్ట్రం సరిహద్దు దాటి చర్ల వైపు పోయి మిరప తోటల్లో కూలికి చేరారు. మొగుడు అక్కడే పోయాడు. ఇప్పుడు జోగికి వెనక్కి రావాలనుంది. కానీ వాగు పక్కనున్న ఆమె పొలాన్ని ఇన్నేళ్లుగా మరిది అప్పయ్య దున్నుకుంటున్నాడు.

"ఇంకోచోట ఇవ్వరా? మీ దగ్గర బీడు బోలెడుందిగా," అన్నాను.

"ఇస్తమంటున్నరు పెద్దమనుషులు. అక్కకు వద్దు. ఆ పొలం గట్టు మీద దాని పిల్లను పెట్టినం. ఆరేండ్ల పిల్ల, జరమొచ్చి పోయింది. రాయి పాతినం. ఇప్పుడు ఆ రాయి ఉన్నదో, అప్పయ్య పీకేసి గట్టుల కలిపిండో తెల్వదు. అక్క పోయిన కాన్నుంచి వాళ్లింటికి మా ఇంటికి మాటల్లేవు. ఆ పొలంల మేం కాలు పెట్టం. అక్క అంటది గద, పొలం ఇయ్యకున్నా సరే, పిల్ల కాడికి పోయి రానియ్యరా అని."

నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు నేను బాగా రాస్తాను. ఆ సాయంత్రమే మూడు పేజీలు దంచేశాను. మొదటి వాక్యం ఇదీ: "మా అక్క భూమిని కాజేసి, ఆమె బిడ్డ సమాధి మీద నాగలి తిప్పినవాళ్లను ఈ సభ ముందు నిలదీస్తున్నాను." మర్నాడు ముయెకు చదివి వినిపిస్తుంటే ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చినవాళ్లు కూడా కాగితాలు మరిచిపోయి నిలబడ్డారు.

ముయె అంతా విని, "మస్తుగుంది. కానీ ఎక్కడ ఊఁ కొడతరక్కా?" అంది.

"ఊఁ కొట్టడమేంటి?"

అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లో పదిమందిలో మాట్లాడేవాళ్లకు ఎదురుగా ఒకరు కూర్చుని ఊఁ కొట్టాలట. మాట ఎవరి మీదైతే వాళ్లే కూర్చుంటారు. ఒక మాటకు ఊఁ అంటేనే తర్వాతి మాట. ఒకసారి ఊఁ అన్నాక ఇక కాదనడానికి లేదు.

"అంటే అప్పయ్యను తిట్టే ఉపన్యాసానికి అప్పయ్యే ఊఁ కొట్టాలా? బాగుంది వరస!"

"మరి ఇంత పొడుగు మాట చెప్పి ఒక్క ఊఁ కొట్టిస్తే, దేనికి కొట్టినట్టక్కా?"

సరే, నా తలరాత అనుకుని వాక్యాలన్నీ చిన్న చిన్న ముక్కలు చేశాను. మొదటిదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ముయె దాని దగ్గర ఆగి, "జర గట్టిగలేదా?" అంది కూడా. గట్టిగా లేకపోతే ఉపన్యాసం ఎందుకవుతుంది? తిట్టడానికి ఒకడుంటేనే కదా వినేవాళ్లు నిటారుగా కూర్చునేది! "నువ్వు పెద్ద పెద్దోళ్లకు రాస్తవు, నీకే తెల్వాలె," అని మడిచి తీసుకుంది. ఈసారి వెళ్లి వినాల్సిందేనని షాపుకు తాళం వేశాను.

ఇరవయ్యారో తారీకు పొద్దున్నే జోగి సరిహద్దు దాటి కోంటాకు వచ్చింది. ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన ముయెతో కలిసి ముగ్గురం జీపెక్కాం. జోగి బక్కపలచటి మనిషి, పాత ఆకుపచ్చ శాలువా. భేజ్జి దాటాక ప్రతి వాగునూ పేరు పెట్టి గొణుక్కుంది. ఊరు దగ్గరపడ్డాక ముయె ఆమెతో, "ఆడోళ్లల్ల కూసో. ముసుగు తియ్యకు. ఊరు ఒప్పుకోకపోతే ఎట్లొచ్చినవో అట్లనే పోదువు. ఎవలకీ తెల్వదు," అంది. జోగి తల ఊపింది. శాలువాను మొహం మీదికి ఇంకాస్త లాక్కుంది.

జెండా ఎగరేశారు, పిల్లలకు బూందీ పంచారు. పంచాయతీ సెక్రటరీ రాంప్రసాద్ హిందీలో పథకాలన్నీ గడగడా చదివేశాడు. జనం ఎండకు కూర్చున్నారు, కొందరు కునుకు తీశారు. తర్వాత ముయె లేచి నిలబడింది. మగవాళ్లలోంచి ఒక మనిషి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నెరిసిన తల, భుజాన తువాలు. నేను ఊహించుకున్న దుర్మార్గుడి వాలకం ఏ కోశానా లేదు. అతనే అప్పయ్య.

ముయె కాగితం తీసి మొదటి వాక్యాన్ని దోర్లిలో, షాపులో విని విని నాకూ అర్థమయ్యే వాళ్ల భాషలో, చెప్పింది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నా మాట, నిజంగా ఒక మనిషి నోట!

అప్పయ్య ఊఁ అనలేదు.

ముయె ఆగింది. జనం కునుకు వదిలి చూస్తున్నారు. అప్పయ్య నేల వైపు చూస్తూ పుల్లతో మట్టి గీస్తున్నాడు. తర్వాతిది చదువమ్మా అని నేను చేత్తో సైగలు చేస్తున్నాను. రాంప్రసాద్ వాచీ చూసుకుని, "ఆగే పఢియే సర్పంచ్ జీ," అని ముందుకు చదవమన్నాడు. ముయె కదల్లేదు. ఎవరో బీడీ ముట్టించారు. నాకు రక్తం ఉడికిపోతోంది. ఒక్క ఊఁ అనడానికి ఇతగాడి సొమ్మేం పోయింది? నిజమేదో ఒప్పుకుంటే నోరు పడిపోతుందా?

చాలాసేపయ్యాక ముయె కాగితం మడిచి నడుము దగ్గర దోపుకుంది. అప్పయ్య ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సరే బావా. నా మాటకు నీకు ఊఁ రాలే. నువ్వు చెప్పు. నేను కొడత."

అయిపోయింది. మూడు పేజీల్లో ఒక్క వాక్యం! మిగతాదంతా రేకు పెట్టెలోకే అనుకుని నేను తల పట్టుకున్నాను.

అప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "అందరు పోయిండ్రు. నేను పోలే. మా అమ్మకు నడక రాదు, దాన్ని ఇడిసి ఎట్ల పోత?"

"ఊఁ," అంది ముయె.

"గుడిసె కాలింది. అడవిల ఉన్నం. గడ్డలు తవ్వుకొని తిన్నం."

"ఊఁ."

"మళ్లొచ్చేసరికి అన్న పొలమంత తుప్పలు. మొద్దులన్ని నేనే పీకిన. గట్టు తెగితే నేనే పోసిన. నా చెయ్యి ఇరిగింది అక్కడనే."

"ఊఁ."

ప్రతి ఊఁకూ నా గుండె జారిపోతోంది. ఇంకో రెండు మాటలైతే పొలం నాది అంటాడు, ఈ పిచ్చిపిల్ల ఊఁ అంటుంది, అంతటితో సరి. పోనీ లేచి అరుద్దామా అంటే నేను ఊరిదాన్ని కాదు. ఆడవాళ్లలో జోగి ముసుగు కింద తల వంచుకుని బొమ్మలా కూర్చుంది.

అప్పయ్య గొంతు మారింది. "పోయినోళ్లు చెప్పి పోవచ్చు గద. వదిన తన చేత్తో కూడు పెట్టి కొడుకును పెంచినట్టే పెంచింది నన్ను. పొద్దున లేచి చూస్తే ఇంట్ల అన్న లేడు, వదిన లేదు. ఒక్క మాట చెప్పకుంట పోయింది."

ముయె నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఆమెకేం తెలుసు? తెలియనిదానికి ఊఁ ఎట్లా అంటుంది? రాంప్రసాద్ కూడా ఈసారి వాచీ చూసుకోలేదు.

"ఊఁ," అని వినపడింది ఆడవాళ్లలోంచి.

అందరూ అటు తిరిగారు. జోగి శాలువా తల మీంచి తీసేసింది. ఒకావిడ గుర్తుపట్టి, "అయ్యో, జోగీ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జోగి లేవలేదు. కూర్చున్నచోటి నుంచే మరిదిని చూస్తూ, "చెప్పకుంటనే పోయిన అప్పయ్యా. చెప్తే నువ్వు పోనియ్యవని పోయిన," అంది.

అప్పయ్య తువాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని మళ్లీ తుడుచుకున్నాడు.

"ఎప్పుడొచ్చినవ్ వదినా?"

"పొద్దుగాల. ఒక్కటి చెప్పు. పిల్ల రాయి ఉన్నదా?"

"ఎటు పోతది?" అప్పయ్యకు కోపమొచ్చింది. పుల్ల విసిరికొట్టాడు. "దాని మీద నాగలి తిప్పిన్నని చదువుతుంది మీ చెల్లె! రాయి కాడికి రాంగనే ఎడ్లను మళ్లిస్త నేను. నా ఎడ్లకు సుత తెలుసు. ఆ జాగల ఇన్నేండ్లల్ల ఒక్క గింజ ఇత్తలే. కొత్త వడ్లొచ్చినప్పుడల్ల మా ఆడిది సోమమ్మ ఫస్టు పిడికెడు అక్కడ పోసినంకనే మా పొయ్యి ముట్టిస్తది. దానికి నేనెట్ల ఊఁ కొట్టాలె?"

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియకపోతే పోయింది, ఏడుపు మాత్రం తన్నుకొచ్చింది. పక్కనున్న ముసలామె నన్ను చూసి, ఎవరీ మనిషి, ఈమెకేమైందన్నట్టు కొంచెం జరిగి కూర్చుంది.

"పొలం నీదే వదినా," అన్నాడు అప్పయ్య. "నేనెప్పుడు నాదనలే. అడిగినోళ్లు లేరు, చెప్పలే. వానలకు ముందు వచ్చి పట్టుకో."

ముయె ఊఁ అంది. జనంలో చాలామంది అన్నారు. రాంప్రసాద్ తీర్మానం రాయడానికి కలం తీసి, "ప్రస్తావ్ రాసుకోవచ్చా?" అన్నాడు.

"ఆగు సార్," అన్నాడు అప్పయ్య. "ఇంకొక్క మాటున్నది." అతను వదిన వైపు చూడలేక నేలను చూస్తూ చెప్పాడు. "పొలం తీసుకో. పంట తీసుకో. ఆ పిడికెడు వడ్లు మాత్రం మా సోమమ్మను పోసుకోనియ్యి. మాకు పిల్లలు కాలే వదినా. ఇన్ని ఏండ్ల నుంచి ఆ పిల్లనే మా పిల్ల అనుకుంటున్నం."

ఈసారి ఊఁ కొట్టాల్సింది జోగి. ఊరంతా ఆమె వైపు చూస్తోంది. ముసుగులో ఉన్నంతసేపూ తనను ఎవరో పరాయి మనిషనుకుని పక్కనే కూర్చున్న సోమమ్మ వైపు జోగి తిరిగింది. సోమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, వద్దంటుందేమోనని భయంభయంగా చూస్తోంది.

"వడ్లు ఇద్దరం పోద్దం," అంది జోగి.