బాలనర్సమ్మ ఏరిన నాచు

ఐస్ పెట్టె మూత తీయగానే ఉప్పువాసన గదంతా కమ్ముకుంది. కిటికీ అవతలి మందుల కంపెనీల ఘాటుకు అలవాటుపడ్డ బాలనర్సమ్మకు ఆ వాసనే హాయి. కొంగు నడుముకు బిగించి, సంచి విప్పి, సముద్రపు నాచును ఉప్పునీళ్ల ట్రేలోకి వదిలింది.

ఉప్పల్ నుంచి బస్సెక్కి నాచారంలోని ఈ ల్యాబుకు రావడం ఆమెకు ఇవాళ్టితో ఆఖరు. మోకాళ్లు ఇక నిలబడనియ్యడం లేదు. దిగులేం లేదుగాని, పోయేలోపు ఒక్కటి చూడాలని ఆశ. విశాఖ వైపు ఓ జాలరిపేట దగ్గర రాళ్లమీద గోధుమరంగు నాచు మళ్లీ మొలిచిందా? పేట మురుగును సముద్రంలో పడకుండా మళ్లించి ఏళ్లయింది. నీళ్లు బాగుపడిందీ లేనిదీ ఆ రాళ్లే చెబుతాయంటారు ల్యాబులో నాచును పరీక్షించే కమలకుమారి మేడం. పచ్చనాచు ఒక్కటే పరుచుకుంటే మురుగు తగ్గనట్టు. గోధుమరంగువీ ఎర్రవీ కలిసి పెరిగితే నీరు కోలుకున్నట్టు. పేట నుంచి ఎప్పుడూ వచ్చేది పచ్చదే. ఇవాళ్టి సంచీ అక్కడిదే.

ఈ సంగతి తాను నేర్చుకున్న తీరు తలుచుకుంటే బాలనర్సమ్మకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. చేరిన కొత్తలో మేడం "ఏరి పెట్టు" అన్నారు. మూసీ పక్కన ఆకుకూరలు పండించి అమ్మిన చేయి కదా, తోటకూర ఏరినట్టే ఏరింది. నవనవలాడే పచ్చదంతా ట్రేలో పెట్టి, గోధుమరంగుది కుళ్లిందనుకుని చెత్తబుట్టలో పడేసింది. వేరే చోటి శుభ్రమైన తీరం కాస్తా లెక్కల్లో మురికితీరమై కూర్చుంది. మేనేజరు అప్పటికప్పుడే పొమ్మన్నాడు. మేడం మాత్రం బుట్ట నేలమీద బోర్లించి, ఆమె పక్కనే గొంతుక్కూర్చుని ఒక్కో పోగూ ఏరుకున్నారు. "తప్పు నాది. ఏది ఏరాలో నేను చెప్పలేదు," అన్నారు. పెనిమిటి పోయి, పొలం పోయి వచ్చిన మనిషికి ఆ మాటే ఇన్నాళ్లూ అన్నం పెట్టింది. ఆ కృతజ్ఞత ఏనాడూ నోరు దాటి రాలేదు.

పచ్చనాచు పొరలు విడదీస్తుంటే అడుగున ఏదో గరుగ్గా తగిలింది. వేలెడంత లేదు. గోధుమరంగు కొమ్మ, దానికి గింజల్లాంటి గాలిబుడగలు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"మేడం! జర ఇటు రాన్రి!"

కమలకుమారి చేతులు తుడుచుకోకుండానే వచ్చారు.

"పేట రాళ్లదేనా? సంచి మారలేదు కదా?"

"గదే సంచి. నేనే ఇప్పిన."

"ఒక్క కొమ్మతో ఏమీ తేల్చెయ్యలేం," అంటూనే మేడం కుర్చీలో కూలబడ్డారు. "అయినా వచ్చేసింది, బాలనర్సమ్మా!"

ఇద్దరూ కాసేపు ఊరికే నవ్వుకున్నారు. తర్వాత కొమ్మను ఆరబెట్టి దాచడానికి బాలనర్సమ్మ నీళ్లలోనే దాని కిందికి కాగితం జార్చి, పుల్లతో రెమ్మలు సర్ది, మెల్లగా పైకెత్తింది. దానిమీద పలచని గుడ్డ, పాత పేపర్లు, చెక్కపలక. ఆ పైన మసాలా నూరే రాయి. ఇనుప బరువైతే తుప్పుమరక పడుతుందని ఎప్పుడో తనింటి నుంచే మోసుకొచ్చింది.

సాయంత్రం సంచి సర్దుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"గా దినం మీరు బుట్ట బోర్లెయ్యకపోతే నా బతుకు గా బుట్టలనే పోతుండె, మేడం. మీ మేలు మరువ."

మేడం ఆమె చేతులు పట్టుకున్నారు. నాలుగూ ఉప్పుకు పగిలిన చేతులే.

"నీ రాయి తీసుకెళ్లవా?"

"ఎట్ల దీస్త? తడి ఆరనియ్యున్రి. జల్దీ తీస్తే ఆకు ముడుసుకుంటది."

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, బాలనర్సమ్మ బస్టాపు వైపు వెళ్లిపోయింది. బల్లమీద, గాట్లలో ఇంకా పసుపు వదలని ఆ రాయి కింద పేట కొమ్మ మెల్లగా ఆరుతూ ఉంది.