వరండాలో ఎర్ర పాదాలు

మా పేట పిల్ల రాణిని బడి గేటు బయటికి పంపేయడం, పోర్టులో డ్యూటీకి పోతూ నేను కళ్లారా చూశాను. ఆ రోజు జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష. మార్కులు తగ్గిన బడిలో టీచర్ల ఇంక్రిమెంట్లు ఆపేస్తామని పైవాళ్ల హుకుం. అందుకే హెడ్మాస్టరు సీతారామాంజనేయులు చదువులో వెనకబడ్డ పిల్లల్ని ఏరి ఇళ్లకు పొమ్మన్నాడు. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి, రాణి పోర్టు పట్టాల మీద ఆగిన ఖనిజం వ్యాగన్ల నీడన కూర్చుంది. వ్యాగన్లు కదిలాయి.

బడికి మాత్రం మంచి గ్రేడు వచ్చింది.

అప్పట్నుంచి రోజూ వరండాలో చిన్న చిన్న ఎర్ర పాదాల జాడలు. రాణివే అన్నారు పిల్లలు. ఆయా గౌరీశ్వరి కడిగేది, మర్నాటికి మళ్లీ ఉండేవి. మా పేటలో ఎర్రటి ఖనిజం దుమ్ము తొక్కకుండా ఎవరూ గడప దాటలేరు, ఆ పాదాలు ఎవరివైనా కావచ్చు. తెలిసి కూడా వాటిని తొక్కి వెళ్లడానికి నాకు మనసొప్పేది కాదు.

మరుసటేడు మళ్లీ పరీక్ష. ఈసారి రాణి చెల్లెలు నాగమణిని రావద్దన్నారు.

పేటలో మీటింగు పెట్టాం. "నా బుల్లోడు బాగానే సదుగుతన్నాడు. ఆడికెందుకీ గొడవ?" అన్నాడు ఎల్లారావు.

రాణి తల్లి గంగాభవాని లేచింది. "అన్నా, నా పెద్దదాన్ని బడి తోసేసింది, రైలు తొక్కేసింది. సిన్నదాన్నేటి సెయ్యమంటావ్? సదువు రాని పిల్లకి కాకపోతే ఆ బడి ఇంకెవులికి?"



పరీక్ష రోజు నైట్ షిఫ్టు దిగి ఎవరం ఇంటికి పోలేదు. బడి కదా, చెప్పులు గేటు దగ్గరే విడిచి, పొమ్మన్న పిల్లలందర్నీ చేతులు పట్టుకుని వరండా ఎక్కాం. నాగమణిని తల్లి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నా మెడ మీదా కత్తి ఉందమ్మా," అన్నాడు హెడ్మాస్టరు.

"ఆ కత్తి పట్టుకున్నోడి మీదికి కలిసి పోదాం రండి మాస్టారూ," అన్నాను. ఆయన కదల్లేదు. పోలీసులు వచ్చారు. గంగాభవానిని జీపెక్కిస్తుంటే ఎల్లారావు ఎవరూ పిలవకుండానే వెళ్లి ఆమె వెనక ఎక్కాడు. లోపల నాగమణి బెంచీ దిగలేదు.

"ఆఫీసరు గారొచ్చేస్తారు, వరండా కడుగు," అని హెడ్మాస్టరు గౌరీశ్వరిని కసిరాడు.

ఆమె బకెట్టు తెచ్చింది. వరండా నిండా పెద్ద పాదాలు, చిన్న పాదాలు, అన్నీ ఎర్రగానే ఉన్నాయి.

"ఇందులో రాణివేవో సూపించండి బాబూ. అయి వొదిలేసి కడుగుతాను."

ఆయన వంగి చూశాడు. ఒక చిన్న పాదం దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి జరిగాడు. బకెట్లో నీళ్లు బకెట్లోనే ఉన్నాయి.