వద్దు అనే బటన్

నత్తి ఉన్నవాళ్ళతో, మాట తడబడేవాళ్ళతో సాధన చేయించడం అక్క వృత్తి. కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు అద్దెకి తీసుకుంది. లోపలి గదిలో గోడంత అద్దం, దాని ముందు రెండు కుర్చీలు. బయటి గదిలో ఒక బల్ల, బల్ల మీద ఫోను, గోడవారగా బెంచీ. ఆ బల్ల దగ్గర తమ్ముడు కూర్చుంటాడు. షాపులకీ స్కూళ్ళకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం అతని పని. ఇంట్లో పిల్లల గోల పడలేక ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇక్కడికొచ్చేస్తాడు. ఉత్తినే కూర్చోవడం ఎందుకని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తాడు, అక్క లోపల ఉన్నప్పుడు ఫోన్ ఎత్తుతాడు.

అక్కకి ఒక బ్లాగుంది. చిన్నప్పుడు తనకీ నత్తి ఉండేది కాబట్టి మందుచీటీ రాసే డాక్టరులా కాకుండా పక్కన కూర్చున్న మనిషిలా రాస్తుంది. చదివేవాళ్ళకి లోటు లేదు. చదివి, వచ్చిన దారినే పోయేవాళ్ళకీ లోటు లేదు. ఆదివారాలు ఉచితంగా అందరినీ కూర్చోబెట్టి సాధన చేయిద్దామని ఆమె ఆశ. కానీ ఆ కబురు పంపడానికి ఒక్కరి ఈమెయిలూ చేతిలో లేదు.

“ఇంతమంది గుమ్మందాకా వచ్చి వెళ్ళిపోతున్నార్రా. చిరునామా ఇచ్చి పోతే మళ్ళీ పిలుచుకుంటాం కదా,” అంది ఒకరోజు.

“నాకొదిలెయ్ అక్కా,” అన్నాడు తమ్ముడు.

మొదట చేసినవన్నీ మంచి పనులే. పేజీ అడుగున ఎవరికీ కనబడకుండా పడున్న ఫారాన్ని వ్యాసం మధ్యకి తెచ్చాడు. పేరు, ఫోను, వయసు, ఉద్యోగం అంటూ పెళ్ళిసంబంధానికి వచ్చినట్టు ఆరాలు తీసే గళ్ళన్నీ పీకేసి, ఈమెయిల్ గడి ఒక్కటే ఉంచాడు. ‘సభ్యత్వం నమోదు చేసుకొనగలరు’ అన్న ఆఫీసు భాష తీసేసి, ‘వారానికొక సాధన మీకు పంపిస్తాం’ అని రాశాడు. వందమందిలో ఒక్కరూ ఇవ్వని చోట ఇద్దరు ఇవ్వడం మొదలెట్టారు.

అక్క మురిసిపోయింది. బావ అయితే, “మా బావమరిది చెయ్యి పడితే బండరాయి కూడా ఈమెయిల్ ఇచ్చేస్తుంది,” అన్నాడు భోజనాల దగ్గర.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పొగడ్త రుచి మరిగిన మనిషి ఎక్కడ ఆగుతాడు? వ్యాసం సగం చదివేసరికి తెరకి అడ్డంగా ఒక పెట్టె వచ్చేలా చేశాడు. అందులో ఈమెయిల్ గడి, దాని కింద రెండు బటన్లు. పైన ఆకుపచ్చ రంగులో పెద్దది: ‘అవును, నాకు ధారాళంగా మాట్లాడాలనుంది.’ కింద బూడిద రంగులో చిన్నది: ‘వద్దు, నేనిలాగే నత్తితో బతికేస్తాను.’ ఈమెయిల్ ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు ఆ రెండోది నొక్కితే తప్ప పెట్టె పోదు.

ఆ మాట రాసినప్పుడు అతనికీ ఒక్క క్షణం చెయ్యాడలేదు. ‘ఎవరు చెయ్యట్లేదు గనక!’ అనుకుని పేజీలో పెట్టేశాడు. అక్క తన బ్లాగుని చదివేవాళ్ళలా కాక, రాసేవాళ్ళు లాగిన్ అయ్యే దారిన తెరుస్తుంది కాబట్టి ఆ పెట్టె ఆమెకి ఎప్పుడూ కనపడలేదు.

వందకి ఇద్దరు కాస్తా ఎనిమిదిమందయ్యారు. ఆదివారం సాధనకి బెంచీ, కుర్చీలు చాలక కింద షాపులోంచి స్టూళ్ళు తెచ్చుకున్నారు.

“ఏం మంత్రం వేశావురా?” అంది అక్క.

“చిన్నచిన్న మార్పులే,” అన్నాడు, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

ఒక మధ్యాహ్నం అక్క లోపల ఎవరితోనో సాధన చేయిస్తూంటే బల్ల మీద ఫోన్ మోగింది. ఆ ఫోన్ గురించి అక్క మొదట్లోనే చెప్పింది: “ఇక్కడికి ఫోన్ చేసేవాళ్ళకి మాట వెంటనే రాదు. నువ్వు హలో అని ఊరుకో. ఊపిరి తప్ప ఏమీ వినిపించకపోయినా పెట్టెయ్యకు.” ఆవేళ తమ్ముడు ఈమెయిళ్ళ లెక్క చూపిస్తూ తెర మీద పైకి పాకుతున్న గీత చూసుకుని మురుస్తున్నాడు.

“హలో. హలో, ఎవరండీ?”

అవతల చప్పుడు లేదు. పెట్టేశాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ అంతే. మూడోసారి మోగేసరికి చిర్రెత్తుకొచ్చి, “పనీపాటా లేదా మీకు?” అని ఠక్కున పెట్టేశాడు.

మర్నాడు ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో వార్నిష్ మరకలు. మోటార్లకి వైండింగ్ చేసే మేస్త్రి.

“మ్... మ్...” అన్నాడు బల్ల దగ్గర నిలబడి.

“మేడంగారా? లోపలున్నారండీ, కూర్చోండి,” అని మాట అందించాడు తమ్ముడు.

ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. “మ్... మీకు చెప్పినా ఫర్వాలేదు.”

ఆయన చెప్పింది ఇదీ. ఆయనకి నత్తి. కూతురికీ నత్తే. “నా... నా నుంచే వచ్చింది,” అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా. సాయంత్రం షాపు కట్టేశాక తండ్రీ కూతుళ్ళు అక్క రాసినవి పైకి చదువుకునేవారట. ఇంకెవరి ముందూ నోరు తెరవని పిల్ల ఆయన ముందు మాత్రం చదివేది. మొన్న మధ్యలో ఆ పెట్టె వచ్చింది. ఆయనకి ఈమెయిల్ లేదు. ఏముందో చూడకుండా కింది బటన్ నొక్కబోయాడు. ఈలోపు ఆ పిల్ల దాన్ని పైకి చదివేసింది.

“ఒక్క... ఒక్క అక్షరం దగ్గరా తడబడలేదు. ‘వద్దు, నేనిలాగే నత్తితో బతికేస్తాను.’ గడగడా చదివింది. చదివి, ‘మనం అంతేనా నాన్నా’ అంది. అప్పట్నుంచి పుస్తకం పట్టుకోదు.”

తమ్ముడు ల్యాప్‌టాప్ మూత సగం దించేశాడు.

“మేడంగారు అలా రాయరు. ఎవరో ప్... పొరపాటున పెట్టుంటారు. చెబుదామని ఫోన్ చేశాను.” మేస్త్రి ఆగి అతని ముఖంలోకి చూశాడు. “పనీపాటా లేదా అన్నారు. మ్... మీ గొంతే.”

“క్షమించండి,” అన్నాడు తమ్ముడు. ఆ మాట నోట్లోంచి అంత తేలిగ్గా దొర్లిపోవడం అతనికే సిగ్గనిపించింది. దాని వెనకే ఇంకో మాట కూడా దొర్లింది. “అది రాసిందెవరో కనుక్కుని తీయించేస్తానండి.”

మేస్త్రి సరేనన్నట్టు తలూపాడు. నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరగకముందే తమ్ముడు ఆ పెట్టెని ఎత్తేశాడు. తీసేశాక గుండె తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు. అన్నం దగ్గర బావ వేసిన జోకుకి నవ్వబోతే నవ్వు సగంలోనే ఆగిపోయింది. ‘ఎవరో కనుక్కుని’ అన్న మాట పంటి కింద రాయిలా మాటిమాటికీ తగులుతోంది.

ఆదివారం వచ్చింది. లోపలి గది నిండా జనం. అక్క లేచి నిలబడి, “మీరంతా ఇవాళ ఇక్కడ ఉన్నారంటే మా తమ్ముడి చలవే. ఒకసారి చప్పట్లు కొట్టండి,” అంది. అందరూ కొట్టారు. ముందు వరసలో కాలేజీ అమ్మాయి, కిటికీ దగ్గర గడ్డం తెల్లబడిన పెద్దాయన. వీళ్ళలో ఎంతమంది ఆ కింది మాట చూసి, నొక్కడానికి భయపడి, పైది నొక్కారో! ఒక్కొక్క చప్పుడూ చెంప మీద పడ్డట్టయింది అతనికి.

అందరూ వెళ్ళాక స్టూళ్ళు సర్దుతూ, “అక్కా, నీకొకటి చెప్పాలి,” అన్నాడు. పెట్టె సంగతి చెప్పాడు. ఫోన్ సంగతి చెప్పాడు. మేస్త్రితో ఆడిన అబద్ధం కూడా చెప్పాడు.

అక్క కుర్చీలో కూర్చుంది. “ఏం రాశావో చదువు.”

“వద్దక్కా.”

“రాయగలిగినవాడివి చదవలేవా? చదువు.”

చదివాడు. అక్క అద్దంకేసి తిరిగింది.

“చిన్నప్పుడు నాకు నేను రోజూ చెప్పుకున్న మాట అదేరా,” అంది. “నువ్వెక్కడ విన్నావో! అది మనసులోంచి తీసేయించుకోవడానికి మన దగ్గరికి వచ్చినవాళ్ళ చేత, దాన్నే నొక్కించావు. ఇన్నాళ్ళూ పైన నా పేరు పెట్టి.”

“తిట్టక్కా. పడతాను.”

“తిడితే నీకు హాయిగా ఉంటుంది. ముందు చెయ్యాల్సింది చెయ్యి.”

ఆ పెట్టె వల్ల ఈమెయిల్ ఇచ్చినవాళ్ళందరికీ తమ్ముడు తన పేరు మీదే రాశాడు. ఆ వాక్యం రాసింది తనేననీ, అక్కకి తెలియదనీ, ఉండాలనుకునేవాళ్ళు చెబితేనే ఉంచుతాననీ, చెప్పనివాళ్ళ ఈమెయిల్ తీసేస్తాననీ. సగానికి పైగా జవాబే ఇవ్వలేదు. ఒకావిడ మాత్రం, ‘ఆ మాట చూసి ఏడ్చి ఇచ్చాను. ఇప్పుడే తీసెయ్యండి’ అని రాసింది. ఒక్కొక్కరినీ తన చేత్తోనే తీసేశాడు. పెట్టె లేకపోయేసరికి వందకి ఎనిమిది మళ్ళీ రెండుకి దిగింది.

తర్వాత మేస్త్రి షాపు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇరుకు గది, విప్పిన మోటార్లు, రాగి తీగ చుట్టలు. మేస్త్రి ఒళ్ళో కాయిల్ పెట్టుకుని తీగ చుడుతున్నాడు. వెనక గోడకి ఆనుకుని పదేళ్ళ పిల్ల బొమ్మకి రంగు వేసుకుంటోంది.

“కనుక్కోవడానికేం లేదండీ. అది రాసింది నేనే,” అన్నాడు తమ్ముడు.

మేస్త్రి చెయ్యి ఆగలేదు. “త్... తెలుసు. ఆరోజే మీ ముఖంలో తెలిసింది.”

“మరి అప్పుడే అడగలేదే?”

“మీరే చెబుతారేమోనని.” తీగ కొస తుంచి మెలిపెట్టి, కూతురివైపు చూపించాడు. “నాకు చెప్పారు, అయిపోయింది. దానికి చెప్పండి.”

పెద్దవాళ్ళకి చెప్పడం ఒక ఎత్తు, ఆ పిల్లకి చెప్పడం ఒక ఎత్తు. తమ్ముడు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. “ఆ పెట్టెలో మాట నేను రాశానమ్మా. తప్పు రాశాను. అది మీ గురించి నిజం కాదు. మీ నాన్న అది చదవకుండానే నొక్కబోయారు.”

పిల్ల రంగు పెన్సిల్ కింద పెట్టింది. పెదవులు కదిలాయి, మెడ బిగుసుకుంది. చివరికి మాట వచ్చింది.

“మ... మరి ఎందుకు రాశారు?”

అతని దగ్గర జవాబు ఉంది. వందకి ఎనిమిది. కానీ ఆ కళ్ళలోకి చూస్తూ దాన్ని పైకి అనలేకపోయాడు. “మెప్పు కోసం,” అన్నాడు. పిల్ల మళ్ళీ పెన్సిల్ తీసుకుంది.

ఆ నెల ఆదివారాలన్నిటికీ మేస్త్రి ఒక్కడే వచ్చాడు. పై నెలలో కూతుర్ని కూడా తీసుకొచ్చాడు. తలుపు పక్క స్టూలు మీద కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు పేరు చెప్పింది, అంతే. వెళ్ళేటప్పుడు తమ్ముడు మేస్త్రిని పక్కకి పిలిచి, సాయంత్రాలు మళ్ళీ చదువుకుంటున్నారా అని అడిగాడు.

“ల్... లేదండీ,” అన్నాడు మేస్త్రి, దాచకుండా. “ఇంకా లేదు.” కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.