బద్రీనాథ్ సేటు తూచిన స్ప్రింగులు

ఈ జిల్లా మొత్తంలో స్ప్రింగుల గురించి తెలియని మనిషిని నేనొక్కదాన్నే. పటాన్‌చెరు స్ప్రింగుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు టెస్టింగు మిషను ముందు నిలబడ్డాను. వచ్చిన ప్రతి స్ప్రింగునూ నొక్కి పాసో ఫెయిలో రాశాను. ఆ తర్వాత ముత్తంగి సర్వీసు రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఇక నాకేం తెలుస్తుంది చెప్పండి? తెలిసినవాళ్లంతా ఫోన్లో వీడియోలు చూసి వస్తారు.

నిఖిలేష్ కూడా అలాగే వచ్చాడు. సంగారెడ్డి గంజిలో, అంటే ధాన్యం బజారులో, పప్పుల వ్యాపారం చేసే బద్రీనాథ్ సేటుకు ఒక్కగానొక్క కొడుకు. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన నీలం రంగు స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. ముందువైపు ఒక స్ప్రింగు విరిగింది, మిగతా మూడూ కుంగిపోయాయి.

"సునందక్కా, నాలుగు కొత్తయి ఎయ్యి. రేసు కార్లకు ఏస్తరు సూడు, గసొంటి గట్టియి ఎయ్యి."

"రేసు ఏడ పెట్టిండ్రు తమ్మీ? గీ గుంతల లక్డారం రోడ్డు మీదనా?"

"అట్ల కాదక్కా. గట్టిగుంటే కారు మలుపుల ఒరగదు. వీడియోల చెప్పిండు."

"ఒరగదు, నిజమే. మరి గుంత వస్తే చక్రం అందుట్లకు దిగాలె గద? గట్టి స్ప్రింగు దిగనియ్యదు, గాల్లకు లేపుతది. గాల్ల ఉన్న చక్రానికి నువ్వు బ్రేకు కొడితే ఏం లాభం, స్టీరింగు తిప్పితే ఏం లాభం? ఆ వీడియో చేసినాయన మన సర్వీసు రోడ్డు మీద ఒక్కపారి తిరిగి పొమ్మను."

ఆ కారుకు సరిపోయేవి నా దగ్గర మూడు రకాలున్నాయి. రంగులను బట్టి గుర్తు. పచ్చవి మిల్లీమీటరు కుంగాలంటే వాటి మీద నాలుగు కిలోల బరువు పడాలి, పసుపువాటి మీద ఆరు, ఎర్రవాటి మీద పది. ఎర్రవి గచ్చులాంటి రేసు ట్రాకు మీద తిప్పే కార్ల కోసం. ఎవరో మహానుభావుడు ఆర్డరిచ్చి మళ్లీ కనబడలేదు, అవి అలాగే ఉండిపోయాయి. మన రోడ్లకు పచ్చవే గతి, మహా అయితే పసుపు. ఇదంతా విడమరిచి చెప్పాక పిల్లాడు తల గోక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు.

"నాయన షరతు పెట్టిండక్కా. శుక్రారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి కాడ కారుకు పూజ. నాయన నాతోనే కార్ల వస్తడు. ఇంటికొచ్చేదాంక ఆయన నడుం మంచిగుంటే కారు ఉంటది. లేకుంటే ఆదివారం అమ్ముడే. కొనేటోన్ని గూడ సూసి పెట్టిండు."

"మీ నాయనకు నడుం నొప్పి ఉన్నదా?"

"డిస్కు జారింది. మూడేండ్ల సంది బెల్టు పెట్టుకుంటడు."

అంటే, డిస్కు జారిన మనిషిని మెప్పించడానికి ఈ మేధావికి రేసు స్ప్రింగులు కావాలి! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టాల్సినంతా తిట్టాను. వాడు తల దించుకుని విన్నాడు.

"నేను బుద్ధెరిగినంక ఇంట్ల అడిగింది గీ కారొక్కటే అక్కా. సదువు నాయన చెప్పిందే సదివిన, కొట్ల కూసోమంటే కూసున్న. ఇది గూడ పోతే ఇగ నాదంటూ ఏం లేదు" అన్నాడు. నా నోటి దురుసుకు నాకే సిగ్గేసింది. చివరికి పచ్చవి వేయడానికి ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

మర్నాడు బద్రీనాథ్ సేటు స్వయంగా వచ్చాడు. తెల్ల చొక్కా, నడుముకు బెల్టు, చేతిలో గుడ్డ సంచి. గంజిలో ఆయన కందిపప్పు గింజ కొరికి అది ఏ ఊరి చేనుదో చెబుతాడని పేరు. ఆ లెక్కన ఇనుమూ తెలిసే ఉండాలి. మూడు రకాలనూ బల్ల మీద పెట్టించి వేళ్లతో తట్టి చూశాడు.

"రేటు ఎట్లమ్మా?"

"మూడూ ఒక్కటే సేటూ."

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నా నాలుక నేనే కొరుక్కుంటున్నాను. సేటు కళ్లు మెరిశాయి. "కాంటా ఉన్నదా?" అన్నాడు.

కాంటా ఉంది, పాత ఇనుము అమ్మడానికి పెట్టుకున్నది. నా దగ్గర లారీల కమాన్ కట్టలు, అంటే పట్టీ స్ప్రింగులు, చూసే మల్లయ్య నోరు తెరుచుకుని చూస్తుండగా సేటు ఒక్కొక్క స్ప్రింగునూ తూకం వేశాడు. పచ్చది తేలిక. పసుపుది కొంచెం బరువు. ఎర్రది, తీగ లావు కాబట్టి, అన్నిటికంటే బరువు.

"ఎర్రయి ఎయ్యి" అన్నాడు సేటు.

"సేటూ, అది పప్పు కాదు. బరువెక్కువైతే మంచిదని కాదు. ఆ ఎర్రది మీ నడుముకు పగ."

"రేటు ఒక్కటైనప్పుడు తక్కువ మాల్ ఎవడన్న తీస్కుంటడా? ముప్పై ఏండ్ల సంది యాపారం జేస్తున్నమ్మా. నన్ను ఎవడూ మోసం చెయ్యలె."

మల్లయ్య ఉండబట్టలేక, "సేటూ, లారీకి గూడ గింత బిర్రుగ ఎయ్యం" అన్నాడు. సేటు ఆయన వైపు జాలిగా చూశాడు. పక్కనే నిఖిలేష్ మొహం వెలిగిపోయింది. నాయనకు ఎర్రది బరువని కావాలి, కొడుక్కి ఎర్రది రేసుదని కావాలి. ఎప్పుడూ కలవని తండ్రీకొడుకులు మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు, అదీ తప్పుడు మాట మీద. మధ్యలో నేనెవరిని?

"మీ నడుం, మీ ఇష్టం. బిల్లు మీద రాసి ఇస్తున్న, ఏరుకున్నది మీరే అని. తమ్మీ, నలభై దాటి నడిపినవో, మళ్ల నా షెడ్డు తొక్కకు" అని ఎర్రవే బిగించి పంపాను.

శనివారం పొద్దున షట్టరు ఎత్తేసరికి నీలం కారు బయట నిలబడి ఉంది. పక్కన నిఖిలేష్, పెళ్లి తప్పిపోయినవాడిలా.

"ఏమైంది?"

"మొదటి స్పీడ్ బ్రేకర్ కాడ కళ్లజోడు కింద పడ్డది. రెండో దాని కాడ ఒళ్ల ఉన్న కొబ్బరికాయ నా కాళ్ల కాడికొచ్చింది. మూడో దాని కాడ ఆయన నెత్తి కారు టాపుకు తాకిందక్కా. పోంగ గట్ల, రాంగ గట్ల."

"మరి ఏమన్నడు?"

"ఏమన్లే. 'ఎట్లుందే నాయినా' అంటే, పండ్లు బిగబట్టి 'మాల్ మంచిగుంది' అన్నడు. ఇంటికొచ్చినంక మంచం మీద పడ్డోడు ఇంక లేవలె. అమ్మ వేడినీళ్ల సంచి పెడ్తున్నది."

వేరేవాళ్లు అంటగట్టిన సరుకైతే ఈపాటికి నా షెడ్డు మీదికి గంజి మొత్తం దండెత్తి వచ్చేది. తన చేత్తో తూచి తెచ్చిన సరుకును బద్రీనాథ్ సేటు ప్రాణం పోయినా బాగాలేదనడు. అలాగని షరతు మరిచిపోయే మనిషీ కాదు.

"రేపు ఆ కొనేటోడు వస్తడక్కా. పచ్చయి ఎయ్యి. నాయనకు తెల్వద్దు. ఆయన ఏరినయి తీసేసిన అని తెలిస్తే కారుతోని పాటు నన్ను గూడ అమ్మేస్తడు. మాపటికి ఇంకొక్కపారి కూసోమని కాళ్లు పట్టుకుంట" అని తాళం చేతిలో పెట్టి, కొట్టు తెరవాలని ఆటో ఎక్కి పోయాడు.

మల్లయ్యా నేనూ ముందు రెండు చక్రాలు విప్పి ఎర్రవి కింద పెట్టేసరికి షెడ్డు ముందు ఇంకో ఆటో ఆగింది. అందులోంచి బద్రీనాథ్ సేటు దిగాడు. దిగాడు అంటే, ముందు ఒక కాలు, తర్వాత కడ్డీ పట్టుకుని నడుము, కాసేపాగి రెండో కాలు. అయిపోయింది, పిల్లాడి బండారం బయటపడింది అనుకున్నాను. ఆయన కింద ఉన్న స్ప్రింగులు చూశాడు, నన్ను చూశాడు.

"వాడు తెచ్చిండా?"

"పొద్దుగాల."

"మంచిదే అయింది. నేను గూడ గదే చెప్దామని వచ్చిన. మెత్తయి ఎయ్యమ్మా. నేను చెప్పిన అని వానికి చెప్పకు."

కొడుకు తండ్రికి తెలియకుండా, తండ్రి కొడుక్కి తెలియకుండా, ఇద్దరూ ఒకే పని చేయించుకోవడానికి ముత్తంగి దాకా వచ్చారు. ఒకే ఇంట్లో ఎదురెదురు గదుల్లో పడుకునే మనుషులు! నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

"మరి రేపు అమ్ముతుండ్రు గద సేటూ, ఎవరి కోసం మెత్తయి?"

ఆయన స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఆ కొనేటోన్ని రావద్దన్న."

"నడుం పోయింది గద?"

"పోయింది" అన్నాడు. కాసేపు రోడ్డు మీద పోయే కంటెయినర్లను చూశాడు. "మా ఇంటి కార్ల నేను ఎనక సీట్ల కూసుంటనమ్మా. మా నాయన గూడ గట్లనే, ఎప్పుడు ఎనకనే. వాడు నడపవట్టి ఆరేండ్లు. ఆరేండ్ల సంది వాని మెడ సూసుకుంట తిరిగిన. దీంట్ల ఎనక సీటు లేదు గద, పక్కన కూసోవల్సి వచ్చింది."

మల్లయ్య పానా కింద పెట్టాడు.

"గేరు మార్చేటప్పుడు వాడు కింది పెదవి కొరుక్కుంటడమ్మా. మా నాయన తూకం పట్టేటప్పుడు అచ్చం గట్లనే కొరుక్కుంటుండె. నా కొడుకును నేను గింత దగ్గరికెళ్లి ఎప్పుడు సూసిన్నో నాకే యాదికి లేదు. పొయ్యి వచ్చేదాంక నేను నొప్పి సూడలె, వాన్నే సూసిన."

మల్లయ్యతో పచ్చవి తెమ్మన్నాను.

సేటు లేచి ఆటో దాకా నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఊకెనే తిరుగుదాం రమ్మంటే వాడు ఏమనుకుంటడో. ఏదన్న మొక్కున్నదని చెప్పాలె. జెర దూరమున్న గుడి ఏదన్న చెప్పు."

"ఝరాసంగం పోండ్రి సేటూ. గంటన్నర పడ్తది."

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు.

"గంటన్నరేనా?" అన్నాడు. "ఇంక దూరంది లేదా?"