క్యాంపుకి ముందు సణుగుడు

మామిడి కోతలు మొదలయ్యే రోజుల్లోనే తిరుపతిరావుకి మిలిటరీ నుంచి పిలుపు వచ్చేది. అతను చేరింది టెరిటోరియల్ ఆర్మీలో. ఏడాదికి రెండు నెలలు సికిందరాబాదు వైపు క్యాంపులో సైనికుడు. తక్కిన పది నెలలు నూజివీడులో సుబ్రహ్మణ్యం గారి మామిడి మండీలో కాయలు ఏరే మనిషి. నేల మీద చతికిలబడి, రసాలనీ బంగినపల్లినీ సైజుల వారీగా విడదీసి, వరిగడ్డి పరిచిన గంపల్లో సర్దడం అతని పని.

సుబ్రహ్మణ్యం గారిది దొడ్డ మనసు. సీజను ముమ్మరంలో చేతికింద మనిషిని వదులుకోవడమంటే మాటలా? ఆయన మాత్రం ఎనభై మూడు నుంచి వరసగా మూడేళ్ళు నవ్వుతూ పంపించారు. ఆ రెండు నెలలూ సగం జీతం అతని భార్య రాధకి అందేలా చూశారు. తిరిగొచ్చేసరికి అతని చోటు అతనికే ఉంచారు.

అంత మంచి మనిషి ముందు సంబరంగా బయల్దేరితే ఏం బావుంటుంది? మన వైపు అది మర్యాద కాదు. పెళ్ళి పంక్తిలో ఆకలి నకనకలాడుతున్నా, మారు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాల్సిందే. అందుకని పిలుపు వచ్చిన ప్రతిసారీ తిరుపతిరావు మొహం వేలాడేసుకుని, తనకేం సరదా అనీ, ఖర్మ కాకపోతే ఈ ఎండల్లో ఈ కవాతులేమిటనీ సణిగేవాడు. ఇంట్లో రాధ దగ్గరా అదే పాట. పాపం, ఆవిడ నమ్మి, కళ్ళొత్తుకుంటూ జంతికల డబ్బా సర్ది ఇచ్చేది.

అసలు సంగతి వేరు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారేసరికే అతనికి ఈల వెయ్యాలనిపించేది. క్యాంపులో అతను నాయక్. మ్యాపూ దిక్సూచీ పట్టుకుని గుట్ట మీద నిలబడి, ఎటు చెయ్యి చూపిస్తే పదిమందీ అటు నడిచేవారు. మండీలో అతని మాట మీద ఒక్క గంప కూడా కదలదు. ఆ రెండు నెలలున్నాయి కాబట్టే తక్కిన పది నెలలూ ఓర్చుకునేవాడు.

నాలుగో ఏడు పిలుపు ఇంకా రాకముందే సుబ్రహ్మణ్యం గారు అతన్ని గల్లాపెట్టె దగ్గరికి రమ్మన్నారు. వెళ్ళేసరికి అక్కడ రాధ కూడా ఉంది, పండగ చీర కట్టుకుని. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. ఆయన పనిగట్టుకుని సికిందరాబాదు వెళ్ళి, ఆఫీసర్ల కాళ్ళావేళ్ళా పడి, ఇంటి ఇబ్బందుల కింద అతన్ని శాశ్వతంగా విడుదల చేయడానికి ఒప్పించి వచ్చారట. ఇక తిరుపతిరావు సంతకం ఒక్కటే తరువాయి.

"మూడేళ్ళ నుంచీ నీ మొహం చూళ్ళేకపోతున్నానయ్యా. ఇంక నిన్నెవరూ లాక్కుపోరు," అన్నారాయన.

తిరుపతిరావు ఆ కాగితం అందుకున్నాడు. సంతకం పెడితే గుట్టా లేదు, నాయకూ లేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఈ గంపలే. పెట్టనంటే, మిమ్మల్ని వదిలి వెళ్తున్నందుకు ఏటా సంబరపడ్డానని ఈ ఇద్దరి మొహం మీదా చెప్పాలి. రాధ వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. ఆవిడ నవ్వుతోంది.

అయినా చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టపడి అతను మరో మాట అనలేదు.

"నాకు వెళ్ళాలనే ఉందండీ. అక్కడ నాకు బాగుంటుంది."

సుబ్రహ్మణ్యం గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

"చూశావామ్మా," అన్నారు రాధతో, "నేను వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలాల్సొచ్చిందని నొచ్చుకుంటున్నాడు. ఇంత మొహమాటస్తుణ్ణి ఎక్కడా చూళ్ళేదు."

నిజంగానే అంటున్నానండీ అని మళ్ళీ అన్నాడు. ఆయన నవ్వి, పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టారు.

"ఊరుకోండి, అయ్యగారి దగ్గర కూడానా?" అంది రాధ మెల్లిగా.

తిరుపతిరావు సంతకం పెట్టాడు. అందరినీ పిలిచి లడ్డూలు పంచారు సుబ్రహ్మణ్యం గారు. మొదటి లడ్డూ తిరుపతిరావుకే ఇచ్చారు. అందరూ చూస్తుంటే అతను దాన్ని నవ్వుతూ తినాల్సొచ్చింది.