ఎనిమిదో షీటు

నల్ల కెమెరాను చేతిలోకి తీసుకోగానే, దాని కడుపులో ఉండాల్సిన ఫిలిం ప్యాకు లేదని వాషర్ల బాబాయ్‌కి తెలిసిపోయింది.

తెరిచి చూడక్కర్లేదు. బరువే చెప్పేసింది. పదకొండేళ్లుగా పొద్దున్నే వంటింటి బల్ల ముందు కూర్చుని, నొక్కిన వెంటనే ఫొటోను నాలుకలా బయటికి చాపే పాతకాలపు కెమెరాలను బాగుచేస్తున్న చేతులవి. అయినా మనసు ఊరుకోలేదు. వెలుగు చొరకుండా లోపల చేతులు పెట్టి పని చేసుకునే నల్లసంచి కోసం గోడవైపు చెయ్యి చాపాడు. మేకు ఖాళీగా ఉంది. భార్య ఉతకడానికి తీసిందేమో అనుకుని, దళసరి దుప్పటి కప్పుకుని దాని కింద కెమెరా తలుపు తెరిచి తడిమాడు. చల్లటి ప్లాస్టిక్ గోడలు, రెండు రాగి రేకులు. అంతే.



ఆ ప్యాకులో ఎనిమిది షీట్లు. ఏడు అయిపోయాయి. ఎనిమిదో దానిమీద వీధి చివర ఉండే టైలరమ్మ తన అక్కను తీసింది. బటన్ నొక్కితే క్లిక్ మంది గానీ లోపలి చక్రం తిరగలేదు. బొమ్మ పడింది, బయటికి రాలేదు. ఆ తర్వాత ఇరవై రోజులకు అక్క పోయింది.

"మా అక్క ఫొటో అంటే పారిపోయేది బాబాయ్. పెద్దయ్యాక తీయించుకున్నది ఇదొక్కటే" అంటూ ఆ పిల్ల కెమెరాను పసిబిడ్డను అందించినట్టు అందించి వెళ్లింది. ఇవాళ నాలుగింటికి వస్తుంది.

ఆ షీటుకి వెలుగు తగిలిందా, ఇక అక్క లేనట్టే. రెప్పపాటు చాలు.

"ఇదిగో, ఈ బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

స్టవ్ ముందున్న భార్య తల తిప్పలేదు. "వచ్చారు. నేనొచ్చా, మీరొచ్చారు. ఇంకెవరొస్తారు, మంత్రులా?"

"వేళాకోళం కాదే. టైలరమ్మ ప్యాకు కనపడటం లేదు."

"దానికేమన్నా కాళ్లున్నాయా? ఆ స్క్రూల కుప్పలో చూడండి. మొన్న కళ్లజోడు పోయిందని ఇల్లు పీకి పందిరేశారు. ఎక్కడ దొరికింది? మీ నెత్తిమీద."

స్క్రూల కుప్పలో లేదు. బల్ల సొరుగులో లేదు, కిందా లేదు. వీధి తలుపు గొళ్లెం వేసినట్టే ఉంది. కిటికీ చువ్వలు చెక్కుచెదరలేదు. అయినా ఏ దొంగ మాత్రం బల్లమీది గడియారం వదిలేసి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా ఎత్తుకుపోతాడు?

ప్యాకు దొరికినా దొరక్కపోయినా కెమెరా నడవాలి. చొక్కా తొడుక్కుని హార్డ్‌వేర్ షాపుకి బయల్దేరాడు.

దారిలో మూడంతస్తుల బిల్డింగు లోపల లిఫ్టు కీచుమంది. గైడు పట్టాలకి గ్రీజు అయిపోయింది అనుకున్నాడు. ముప్పై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఊళ్లో సగం మంది ఆయన చలవతో పైకెక్కి దిగారు గానీ ఆయన మొహం ఎవరికీ తెలియదు. మధ్యలో ఇరుక్కుపోయిన వాళ్లకు చీకట్లో పైనుంచి ఒక గొంతు మాత్రం వినిపించేది: "కంగారు పడకండి, వచ్చేశా." రిటైరయిన రోజు ఆఫీసులో గ్రూపు ఫొటో తీస్తుంటే ఇలాంటి కెమెరాయే మొరాయించింది. ఆయన దాన్ని విప్పి, జేబులోని బాల్‌పెన్ను స్ప్రింగు తీసి లోపల బిగించి, అక్కడికక్కడే నడిపించాడు. ఆ ఫొటోలో ఆయన లేడు. నొక్కింది ఆయనే.

"కుళాయి వాషర్లు, చిన్నవి, ఇత్తడివి" అన్నాడు షాపులో.

"మీ ఇంట్లో కుళాయిలెన్ని బాబాయ్? ఈ నెల్లో ఇది నాలుగోసారి. ఇల్లా, ఈతకొలనా?"

రోజూ అయితే అంతకు అంతా తగిలించేవాడు. ఇవాళ ఊరికే చెయ్యి చాపాడు. కుడిచేతి మధ్యవేలు రెండో కణుపు దగ్గరే ఆగిపోతుంది. మిగతాది ఎప్పుడో ఒక లిఫ్టు గొలుసు నమిలేసింది. ఆ సందులోంచి వాషరు ఒకటి జారి కిందపడింది. షాపతను వంగి తీసిచ్చాడు. "ఒంట్లో బాగానే ఉందా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఇంటికొచ్చి పనిలో దిగాడు. రోలర్ల మీద ఎండి పొలుసులు కట్టిన ఫొటో మందును తడిగుడ్డతో తుడిచాడు. పన్ను విరిగిన చక్రం పక్కకు ఒరగకుండా రెండు వాషర్లు దూర్చాడు. పెన్ను స్ప్రింగును రెండు చుట్లు కత్తిరించి కొక్కేనికి తగిలించాడు. సాగిపోయిన రబ్బరు బదులు సైకిల్ ట్యూబులోంచి సన్నటి ముక్క. ఈ కెమెరాలకు బ్యాటరీ ఫిలిం ప్యాకులోనే ఉంటుంది కాబట్టి, నాలుగు పెన్సిల్ సెల్స్‌ని వైర్లతో రాగి రేకులకు ఆనించాడు. గర్ర్‌మని రోలర్లు తిరిగాయి.

కెమెరా బతికింది. తలెత్తితే ఎదురుగా ఖాళీ మేకు.

అప్పుడు తట్టింది. ప్యాకు పోవడం సరే, నల్లసంచి ఎందుకు పోయింది? తీసినవాళ్లకు అది వెలుగు చూడకూడదని తెలుసు. దాన్ని సంచిలో పెట్టే తీసుకెళ్లారు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ ఇంట్లో ఇద్దరే. పాత గొడుగుల గుడ్డతో ఆ సంచి కుట్టింది కూడా ఆవిడే.

నేరుగా వెళ్లి ఆవిడ బట్టల పెట్టె తెరిచాడు. అడుగున, మడతల కింద, సంచి. లోపల ప్యాకు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆయన అడగకముందే చెప్పేసింది.

"నేనే తెరిచా. లోపలేముందో చూద్దామని. తప్పయింది. చెత్తబండిలో పోయిందని టైలరమ్మకి చెబుదామనుకున్నా."

"చూద్దామనా? ఇన్నేళ్లుగా పక్కనే కూర్చుని చూస్తున్నావు కదే! చచ్చిన మనిషి ఉందే అందులో! బుద్ధుందా నీకు?"

మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి, తల వంచుకుని నిలబడింది.

పోతే పోయింది, చూడాలి కదా. సంచిలో చేతులు దూర్చి ప్యాకును కెమెరాలో పెట్టి తలుపు మూశాడు. ప్యాకు పెట్టగానే పైనున్నదాన్ని కొత్త ప్యాకు మీదుండే నల్ల అట్ట అనుకుని బయటికి నెట్టేసే యంత్రం, ఉన్న ఒక్క షీటునూ నెట్టింది. రోలర్ల మధ్య నలుగుతూ మెత్తగా వచ్చింది. దాన్ని బల్లమీద బోర్లా పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. పావుగంట.

తిప్పాడు.

పాలమీగడలా తెలుపు. షీటంతా తెలుపే. కాకపోతే కింది అంచునుంచి పైకి మూడు చారలు లేచాయి. ఆ చారల్లో మాత్రం రంగులున్నాయి. మొదటి దానిలో ఒక చెవి, కాస్త జుట్టు. మూడో దానిలో నీలం చొక్కా కాలరు చివర. వెలుగు పడినప్పుడు ఎవరివో వేళ్లు షీటును కప్పి ఉంచిన మేర బొమ్మ బతికింది.

నడిమి చార గొంతు దగ్గరే ఆగిపోయింది. ఆ వేలు పూర్తిగా ఉండి ఉంటే ముఖం మిగిలేది.

ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు చివరికి.

"నిన్న మధ్యాహ్నం. కిటికీ దగ్గర వెలుతురు బాగుందని జరిగి కూర్చున్నారు. తలుపు తీసి, ప్యాకు లాగి, దుమ్ము ఊది, మళ్లీ పెట్టేశారు. నేను కేకేసేలోపే అయిపోయింది. తర్వాత కాఫీ అడిగారు."

"నాకు… కాఫీ గుర్తుంది."

"మీరు కునుకు తీసినప్పుడు సంచిలోనే కెమెరా తెరిచి ప్యాకు తీసి దాచా, ఏమైనా మిగిలుంటుందేమోనని."

"ఇదే మొదటిసారా?"

ఆవిడ కొంగుతో బల్లమీద లేని దుమ్ము తుడిచింది. "ఇంతకుముందు రెండుసార్లు. అవి ఖాళీ కెమెరాలేలెండి."

ఆయన లేచాడు. స్క్రూడ్రైవర్లను పొడుగు వారీగా రేకుడబ్బాలో సర్దాడు. వాషర్లు ఒక సీసాలో, స్ప్రింగులు ఒక సీసాలో పోసి మూతలు బిగించాడు. గేటుకి కట్టిన 'పాత కెమెరాలు బాగుచేయబడును' అట్టముక్క తాడు విప్పి లోపలికి తెచ్చి, బీరువా వెనక గోడవైపు తిప్పి పెట్టాడు. ఆవిడ వద్దనలేదు. ఆ పదకొండేళ్లూ అంత చప్పుడు లేకుండా ముగిసిపోయాయి.

నాలుగింటికి టైలరమ్మ వచ్చింది, మెళ్లో టేపు తియ్యడం కూడా మర్చిపోయి.

"వచ్చిందా బాబాయ్?"

ఆయన ఫొటో అందించాడు. ఆమె దాన్ని కిటికీ వైపు తిప్పింది. నుదురు ముడిపడింది. అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక్కసారి నీలం చారకి కళ్లు ఆనించింది.

"కాలరు! నేను కుట్టిందే. ఒక చివర పొడుగైంది. 'నీ కుట్టు, నీ నడక ఒకలాగే ఉంటాయే' అని ఏడిపించేది" అంటూ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "మొహమేది బాబాయ్? ఈ మూడు చారలేంటి?"

"అమ్మాయ్, అదీ… నా పొరపాటే" అని ముందుకొచ్చింది భార్య. "నేనే తెలీక…"

ఆయన చెయ్యెత్తి ఆవిడను ఆపాడు. టైలరమ్మకు కుర్చీ లాగి వేశాడు. లిఫ్టు గోతిలోకి మాట్లాడేటప్పటిలాగే గొంతు నిదానంగా వచ్చింది.

"పిన్ని మాట నమ్మకమ్మా, నన్ను కాయడానికి చెబుతోంది. తెరిచింది నేను. నిన్న, పట్టపగలు, ఆ కిటికీ ముందే. ఎందుకు తెరిచానో తెలీదు, తెరిచినట్టు గుర్తే లేదు. కానీ ఆ చారలు నా వేళ్లు. మీ అక్క మొహం అందులో ఉండింది తల్లీ, నేనే పోగొట్టాను. తిట్టు, పడతా. ముందు కూర్చో. అది ఇంకా ఆరలేదు. కాలరు మీద నీ వేలు పడనీకు, అంచు పట్టుకో."